రోహిణి కార్తెలో ఊడిన చుక్కలు: ఒక అకౌస్టిక్ గిటార్ ఇన్లే రిపేరు

రోహిణి కార్తె వచ్చిన మూడో రోజు గుణదల నుంచి ఒక కుర్రాడు గిటార్ పట్టుకొచ్చాడు. చర్చి క్వయర్‌లో వాయిస్తాడు. గిటార్ వాళ్ల నాన్నగారిది, పాతికేళ్లకు తక్కువ ఉండదు. తీగల కింద, ఫ్రెట్లనే అడ్డ లోహపు కడ్డీలు బిగించిన రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్, దాని మీద ఇన్లేలు, అంటే చెక్కలో గుంట తొలిచి పొదిగిన ముత్యపు చిప్ప చుక్కలు.

"అంకుల్, ఏడో ఫ్రెట్ దగ్గర ఏదో గరగరమంటోంది. ఒకచోట చూపిస్తే ఫ్రెట్లు అరిగాయి, మొత్తం సానబట్టాలి అన్నారు. నాన్నకి చెబితే ముందు మీకు చూపించి రమ్మన్నారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక చుక్క కూడా ఊడిపోయింది, ఇల్లంతా వెతికాం, దొరకలేదు."

సత్యనారాయణపురంలో మా ఇంటి వెనక వరండాలోనే నా పని. పెద్ద మెషిన్లేమీ లేవు. ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాయడానికి కారణం, ఇందులో వాడిన సామానంతా మామూలు ఇంట్లో ఉండేదే, లేకపోతే వన్ టౌన్‌లో దొరికేదే. ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు. కానీ చేసే వరుస తప్పితే ఉన్న చుక్క కూడా పోతుంది. ఈ కేసులో నేను రెండు చోట్ల తప్పు చేశాను, అవీ రాస్తున్నాను.

గరగర ఎక్కడిది

ఫ్రెట్లు సానబట్టడమంటే లోహాన్ని అరగదీయడం. అరిగింది మళ్లీ రాదు. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా ముందు వేరే కారణాలన్నీ చూసి, చివరికి గానీ ఫ్రెట్ల మీద చెయ్యి వెయ్యను.

నాలుగో తీగను ఓపెన్‌గా మీటితే గరగర వస్తోంది. ఏడో ఫ్రెట్ దగ్గరున్న చుక్క మీద చిన్న మాస్కింగ్ టేప్ ముక్క గట్టిగా అంటించి మళ్లీ మీటాను. పోయింది. టేప్ తీశాను, వచ్చింది. మూడుసార్లు చేసి చూపించాను. కుర్రాడి ముఖం చూడాలి. ఫ్రెట్‌కు ఏమీ కాలేదు. జిగురు వదిలేసిన చుక్క తన గుంటలోనే సన్నగా వణుకుతోంది, ఆ వణుకే చెక్కలోంచి వినిపిస్తోంది.

తర్వాత ఎనిమిది చుక్కల చోట్లనూ ఒక్కొక్కటిగా చూశాను. చుక్క ఏ ఫ్రెట్ దగ్గరుంటే ఆ నంబరుతోనే పిలుస్తాను: మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పన్నెండు దగ్గర జంట, పదిహేను, పదిహేడు. వెదురు పుల్ల మొనతో ఒక్కో చుక్క నడుమ మెల్లగా కొట్టి వినడమే పరీక్ష. గట్టిగా అతికిన చుక్క "టిక్" మంటుంది, చెక్క మీద కొట్టినట్టే ఉంటుంది. అడుగున జిగురు వదిలేసిన చుక్క "టప్" మంటుంది, బోలుగా. చెవి పెట్టి వింటే తేడా చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

మూడు, పదిహేను, పదిహేడు గట్టిగా ఉన్నాయి. జంటలో మిగిలిన చుక్క కూడా. అయిదో చుక్క "టప్" మంది. వేలితో తడిమితే ఒక అంచు ఎత్తుగా తగిలింది. ఏడోది ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది. టార్చ్‌ను ఫ్రెట్‌బోర్డ్‌కు ఏటవాలుగా పట్టి, లెన్స్‌లోంచి చూశాను. నొక్కిన ప్రతిసారీ చుక్క చుట్టూ సన్నని తెల్ల గీత కనిపించి మాయమవుతోంది. ఆ తెలుపు ముత్యపు చిప్పది కాదు. పాత జిగురు నలిగి పొడై, నొక్కినప్పుడల్లా పైకి ఉబుకుతోంది. తొమ్మిదో చుక్క గట్టిగానే ఉంది గానీ దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర చెక్క మీద గాజులాంటి మెరుపు. ఎవరో ఎప్పుడో సూపర్ గ్లూ పైనుంచి పోసి వదిలేశారు.

జిగురు కంటే ముందు చెక్క

చుక్కలు చూడటం అయ్యాక నెక్ పక్క అంచు మీద అరచెయ్యి రాశాను. ఫ్రెట్ల కొసలు గుచ్చుకున్నాయి. "ఇది ఎప్పుడూ ఇంతేనా బాబూ?" అంటే, "లేదంకుల్, ఈ ఎండాకాలం నుంచే" అన్నాడు. అసలు సంగతి అక్కడ బయటపడింది. లోహం మారదు. చెక్క ఆరి వెడల్పు తగ్గితే ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. గిటార్ ఎక్కడ పెడతావని అడిగితే రాత్రంతా ఏసీ గదిలో, పగలు రిహార్సల్స్ ఉంటే కారు డిక్కీలో అని చెప్పాడు. బెజవాడ మే నెల ఎండలో మూసిన కారు లోపల వేడి అరవై డిగ్రీలు దాటగలదు. చెక్కపనికి వాడే తెల్ల జిగురు అలాంటి వేడికి మెత్తబడటం మొదలవుతుంది. రోళ్లు పగిలే కార్తె అంటారు మన పెద్దవాళ్లు, ఇంత చిన్న చుక్క ఎంత?

చెక్క ఆరితే గుంట పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు మారదు. చెక్కలో తొలిచిన గుంట కూడా చెక్కతో పాటే అడ్డంగా ఇరుకవుతుంది. ముత్యపు చిప్ప మాత్రం అలాగే ఉంటుంది. అంటే ఎండల్లో ఒకటో తీగ వైపు నుంచీ ఆరో తీగ వైపు నుంచీ చెక్క చుక్కను పిసుకుతుంది, అప్పుడది పైకి లేస్తుంది. వానల్లో చెక్క తేమ పీల్చి ఉబ్బితే గుంట అడ్డంగా సాగుతుంది, ఆ రెండు వైపులే నెలవంకల్లాంటి సందులు పడతాయి. ఆరు మిల్లీమీటర్ల గుంటలో ఈ తేడా చాలా కొంచెమే. కానీ ఏటా అటూ ఇటూ లాగితే పెళుసెక్కిన పాత జిగురు ఎన్నాళ్లు ఆగుతుంది?

వీణ ఉన్న ఇళ్లలో ఈ సంగతి కొత్త కాదు. మా అక్క నేర్చుకున్నది నూజివీడు వీణ, పనసకర్రది. వీణ మీద ఇరవై నాలుగు మెట్లనూ మైనంలోనే నిలబెడతారు. ఎండలు ముదిరితే మైనం మెత్తబడి ఒక మెట్టు ఒరిగేది, స్వరం పక్కకి పోయేది. అందుకే ఎండాకాలంలో మా నాన్న ఆ వీణను వంటింటి గోడ పక్కకి కూడా రానిచ్చేవారు కాదు. కొన్నేళ్లకోసారి మేళం కట్టించడం, అంటే మెట్లను మళ్లీ మైనంలో సరిగ్గా నిలబెట్టించడం, మామూలు ఖర్చు. మైనం కాబట్టి విప్పి మళ్లీ కట్టొచ్చు. గిటార్ చుక్కకి ఆ వెసులుబాటు లేదు.

ఈ కుర్రాడి గిటార్ పెట్టె (కేసు)లో హైగ్రోమీటర్ పెట్టి గంటాగి చూస్తే తేమ 31 శాతం. గిటార్‌కి 45 నుంచి 55 మధ్య ఉంటే మంచిది. చెక్క ఇంత ఆరిపోయి ఉన్నప్పుడు చుక్క అంటించి పైకి లేచినంత మేర అరగదీస్తే, వానల్లో చెక్క ఉబ్బగానే ఆ చుక్క గుంటలోకి దిగిపోయి కనిపిస్తుంది. అందుకని ముందు చెక్కను మామూలు స్థితికి తేవాలి. "వెంటనే చేసివ్వండి అంకుల్, ఆదివారం పాటలున్నాయి" అన్నాడు. ఆ ఆదివారానికి నా గిటార్ ఇచ్చి పంపాను.

సబ్బుపెట్టె మూతకి పది చిల్లులు పొడిచి, లోపల తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టాను. దాన్ని గిటార్ కేసులో, తీగలు బిగించే తల (హెడ్‌స్టాక్) కింద ఖాళీ ఉన్న చోట పెట్టి కేసు మూసేశాను. స్పాంజి చెక్కకు తగలకూడదు. ఫ్రెట్‌బోర్డ్ మీద తడిగుడ్డతో తుడవడం లాంటివి అసలొద్దు. పైపొర ఒక్కటే తడిసి లోపల ఆరి ఉంటే చీలిక పడుతుంది. రోజు విడిచి రోజు స్పాంజి తడిపాను. పదకొండో రోజుకి 47 శాతం. ఫ్రెట్ల కొసలు గుచ్చుకోవడం తగ్గింది. ఎత్తుగా ఉన్న అయిదో చుక్క అంచు ఎవరూ ముట్టుకోకుండానే దాదాపు మట్టానికి దిగింది. మొదటి రోజే దాన్ని అరగదీసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఏడో చుక్క

తీగలన్నీ వదులు చేసి తీసేశాను. ఏడో చుక్క చుట్టూ నాలుగు వైపులా మాస్కింగ్ టేప్. ఊగుతున్న చుక్క కాబట్టి వేడి అక్కర్లేదు. వెదురు పుల్ల మొద్దు కొసన ఆవగింజంత సూపర్ గ్లూ పెట్టి, చుక్క నడి మధ్యన ఆనించి పది నిమిషాలు వదిలాను. తర్వాత నిలువుగా పైకి లాగితే పుల్లతో పాటే వచ్చేసింది. బ్లేడు మొన దూర్చి ఎత్తడం మాత్రం చెయ్యకండి. గుంట అంచు చిట్లిందంటే ఆ మచ్చ జీవితాంతం కనిపిస్తుంది. తీసే ముందే చుక్క మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకున్నాను, ఏ అంచు ఏ వైపు ఉండేదో తెలియడానికి. ముత్యపు చిప్పలో మెరుపుకి ఒక దిశ ఉంటుంది. తిప్పి పెడితే పక్క చుక్కలతో వెలుగు కలవదు.

అసలది చిప్పేనా, ప్లాస్టికా అన్నది ముందే తేల్చుకోవాలి. ఎందుకంటే సూపర్ గ్లూను కరిగించే అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ చుక్క కరిగిపోతుంది. వేడి సూది పెట్టి చూసేవాళ్లున్నారు, ఆ పని వద్దు. పాత గిటార్లలో సెల్యులాయిడ్ చుక్కలుంటాయి, అవి భగ్గున అంటుకుంటాయి. చుక్కను తీశాక అడుగు వైపు బ్లేడుతో చిన్న గీత గీయండి. ప్లాస్టిక్ అయితే సన్నని రింగులా చుట్టుకుని లేస్తుంది, చిప్ప అయితే తెల్లగా పొడి రాలుతుంది. ఇది చిప్పే.

గుంటలో పాత జిగురు ఎండిన సున్నంలా ఉంది. డ్రిల్ పెట్టలేదు. చిన్న స్క్రూడ్రైవర్ మొనను ఆకురాయి మీద చదును చేసి దానితోనే గీకాను. టార్చ్ వెలుగులో అడుగున చెక్క నార కనిపించేదాకా, ఓపిగ్గా, దాదాపు అరగంట. ఈ పనిలో సగం సమయం ఇక్కడే పోతుంది, పోవాలి. పాత జిగురు మీద కొత్త జిగురు పోస్తే అది చెక్కను పట్టుకోదు, ఆ పొడినే పట్టుకుంటుంది. శుభ్రమయ్యాక వెర్నియర్‌తో కొలిస్తే లోతు 1.5 మిల్లీమీటర్లు, చుక్క మందం 1.4. గుంట వెడల్పు చుక్క కంటే చుట్టూ కాస్త ఎక్కువ. మొదట చేసినవాళ్లే పెద్దగా తొలిచి సందును జిగురుతో నింపారన్నమాట.

సందుంటే సూపర్ గ్లూ పనికిరాదు. అది ఒకదానికొకటి ఆనుకుని ఉన్న అంచుల మధ్యే బలంగా పడుతుంది, ఖాళీని నింపితే పెళుసవుతుంది. ఇలాంటి చోట ఎపాక్సీయే కావాలి, అదీ అయిదు నిమిషాల్లో గట్టిపడేది కాదు. రెసిన్, హార్డెనర్ సమానంగా కలిపే నిదానపు రకం తీసుకున్నాను. పాత రోజ్‌వుడ్ ముక్కను సన్నరకం ఉప్పుకాగితం పట్టీ మీద రుద్ది, ఆ పొడిని పల్చటి గుడ్డలో వస్త్రగాలితం పట్టి, ఎపాక్సీలో చిటికెడు కలిపాను. జిగురులో కలిసిన పొడి చెక్క కంటే ఒక ఛాయ నల్లగా కనిపిస్తుంది, కాబట్టి కొంచెం లేత రంగు పొడి ఎంచుకుంటే కలిసిపోతుంది.

పొద్దున్నే ఆరు గంటలకి కలిపాను. మధ్యాహ్నం నలభై డిగ్రీల వేడిలో కలిపితే చేతిలో ఉండగానే చిక్కబడిపోతుంది. గుంట అడుగున చిన్న బొట్టు, అంచులకి పుల్లతో పల్చగా. చుక్కను పెన్సిల్ గీత చూసుకుని పెట్టి, మెల్లగా అటూ ఇటూ కదుపుతూ నొక్కితే గాలి బుడగలు పక్కనుంచి బయటికొస్తాయి. గుంట లోతు ఎక్కువ కాబట్టి అడుగున జిగురు కాస్త మందంగానే వేశాను, చుక్క చెక్క మట్టం కంటే వెంట్రుకవాసి పైన నిలిచేలా. పైన పాలిథీన్ ముక్క, దాని మీద చిన్న చెక్క బిళ్ల, తాడుతో కట్టు. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోలేదు.

పోయిన చుక్క, చొక్కా గుండీ

పన్నెండో ఫ్రెట్ దగ్గర పోయిన చుక్కకి జత కావాలి. ఆన్‌లైన్లో తెప్పిస్తే వారం పడుతుంది, పైగా మెరిసే కొత్త తెలుపు పాతికేళ్ల చుక్క పక్కన ఎబ్బెట్టుగా ఉంటుంది. వన్ టౌన్‌లో బటన్లు అమ్మే పాత కొట్టుకెళ్లి ముత్యపు చిప్ప గుండీలు అడిగాను. కొట్టాయన లోపలి నుంచి ఒక రేకు డబ్బా తెచ్చాడు. కోటుకి వేసే పెద్ద గుండీలు నాలుగు తీసుకున్నాను. గుండీ నడుమ చిల్లులుంటాయి గానీ చిల్లుకీ అంచుకీ మధ్య ఆరు మిల్లీమీటర్ల ముక్క దొరికేంత పెద్దవి. దుకాణం గడప మీద ఎండలో నిలబడి, ఒక్కోదాన్నీ తిప్పుతూ చూశాను. ఒకదానిలో లేత పసుపు ఛాయ, ఆ గిటార్ మీద ఉన్న చుక్కల్లాగే.

ఇక్కడే నా మొదటి తప్పు. గుండీలోంచి కోసిన చదరపు ముక్కను ఒక మేకు తల మీద అతికించి, ఆ మేకును డ్రిల్ చక్‌లో బిగించి, తిరుగుతుండగా ఆకురాయికి ఆనించి గుండ్రం చేస్తున్నాను. పద్ధతి మంచిదే. కానీ తొందరలో నీళ్లు పెట్టకుండా పొడిగా రాశాను. ముత్యపు చిప్ప పొరలు పొరలుగా ఉంటుంది, వేడెక్కితే పొరలు విడిపోతాయి. దాదాపు పూర్తయిన చుక్క ఉల్లిపొరలా రెండుగా విడిపోయింది. రెండో ముక్కకి ప్రతి పది సెకన్లకూ నీళ్లలో ముంచుతూ చేశాను. తడిపి చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. చిప్ప పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే హాని. మాస్క్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, ఫ్యాన్ ఆపేయండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.

6.0 మిల్లీమీటర్ల దగ్గర ఆపాను. గుంటలో పొడిగా పెట్టి చూస్తే బిగుతుగా కూర్చుంది. దీన్నీ ఎపాక్సీతోనే అంటించాను.

అయిదో చుక్క, తొమ్మిదో మచ్చ

అయిదో చుక్క అడుగున జిగురు వదిలేసింది గానీ గుంటలో బిగుతుగా ఉంది, చేత్తో రాలేదు. వేడి పెట్టి తీయొచ్చు. కానీ చిప్పకి వేడంటే ఇప్పుడే ఒక చేదు అనుభవం అయింది. సరే, తీయకుండానే చేద్దామని పల్చటి సూపర్ గ్లూను సూది మొనతో అంచు వెంట నాలుగు చోట్ల తాకించాను. అది సందులోకి తనంతట తనే పాకింది. పైకి వచ్చిన చెమ్మను కాగితంతో అద్దాను. దూది, నూలు గుడ్డ దగ్గరికి రానివ్వకూడదు. సూపర్ గ్లూ నూలుకి తగిలితే ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, చెయ్యి కాలుతుంది. కొట్టి వింటే "టిక్" మంది. ఇది నా రెండో తప్పు అని సెప్టెంబరులో గానీ తెలియలేదు.

తొమ్మిదో చుక్క చుట్టూ ఉన్న గాజు మెరుపును అసిటోన్‌తో తుడిస్తే పోతుంది, కానీ కరిగిన గ్లూ మళ్లీ చెక్క నారలోకి దిగుతుంది. బ్లేడును నిలువుగా పట్టి నార వెంట సన్నగా గీకి తీశాను. మచ్చ పూర్తిగా పోలేదు. రోజ్‌వుడ్‌లో దిగిన గ్లూ ఛాయ కొంత ఉండిపోతుంది, అది ఆ కుర్రాడికి చూపించే ఇచ్చాను.

మట్టం చేయడం చిన్న పనే. రెండు పక్కల ఫ్రెట్లకీ మూడేసి పొరల టేప్. పైకి ఉన్న చుక్కను బ్లేడుతో నార వెంట గీకి, తర్వాత 400, 600, 1000 నంబరు పట్టీలు వరుసగా. పట్టీని పిల్లల రబ్బరు ముక్కకి చుట్టితే ఫ్రెట్‌బోర్డ్ వంపుకి తగ్గట్టు ఒదుగుతుంది, గట్టి చెక్కకి చుట్టితే చుక్కలు చదునై వంపు చెడుతుంది. ఆఖరున మినరల్ ఆయిల్ మూడు చుక్కలు గుడ్డకి తీసుకుని బోర్డంతా రాసి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేశాను. జిగురు పని అయ్యేదాకా నూనె ముట్టకూడదు, నూనె ఎక్కిన చెక్కకి ఏ జిగురూ పట్టదు. కొబ్బరినూనె అయితే ఎప్పుడూ వద్దు, కొన్నాళ్లకి కంపు కొట్టి జిడ్డు కట్టొచ్చు. జిగురు, గుండీలు, పట్టీలు అన్నీ కలిపి మూడు వందల లోపే అయింది. పట్టింది మాత్రం రెండు వారాలు, అందులో పదకొండు రోజులు స్పాంజివి.

తర్వాత

గిటార్ ఇచ్చేటప్పుడు, వానలు బాగా పడ్డాక ఒకసారి తీసుకురమ్మన్నాను. సెప్టెంబరు రెండో వారంలో తండ్రీ కొడుకులిద్దరూ వచ్చారు. గదిలో తేమ 78 శాతం. ఏడో చుక్క "టిక్" మంది. గుండీలోంచి చేసిన చుక్క కూడా "టిక్" మంది, అంచున వేలికి ఏమీ తగల్లేదు. అయిదో చుక్క "టప్" మంది.

లెన్స్‌లో చూస్తే ఒకటో తీగ వైపూ ఆరో తీగ వైపూ సరిగ్గా అనుకున్న చోటే నెలవంక సందులు. చెక్క ఉబ్బి గుంట సాగింది. అంచుల్లో మాత్రమే పట్టిన సూపర్ గ్లూ ఆ లాగుడుకి తెగిపోయింది. అడుగున పాత జిగురు పొడి అలాగే ఉంది కాబట్టి అది అక్కడ పట్టుకున్నది ఏమీ లేదు. "అప్పుడే తీసి చేయాల్సిందండీ, తీయకుండా చేద్దామని చూశాను. నాదే పొరపాటు" అని ఆయనతో చెప్పాను. "దానికేముందండీ, చుక్క ఉంది కదా" అన్నారాయన. డబ్బు తీసుకోలేదు.

ఈసారి సోల్డరింగ్ ఐరన్ మొనకి చిన్న రాగి రేకు చుట్టి, చుక్క మీద నాలుగేసి సెకన్లు ఆనించి తీస్తూ, మధ్యలో వేలితో వేడి చూసుకుంటూ ఎనిమిదిసార్లు చేశాను. ముట్టుకోలేనంత వేడి అయిందంటే ఆపాలి. పుల్ల అతికించి లాగితే తొమ్మిదోసారికి వచ్చింది, పగలకుండా. అడుగున అదే సున్నం పొడి. గీకి, తుడిచి, ఎపాక్సీతో పెట్టాను. ఆ చినుకుల్లో గట్టిపడటానికి రెండు రోజులిచ్చాను.

మరుసటి ఏడాది రోహిణి కార్తెలో కుర్రాడే ఫోన్ చేశాడు. గిటార్ ఇప్పుడు డిక్కీలో పెట్టడం లేదని, సబ్బుపెట్టె ఇంకా కేసులోనే ఉందని చెప్పాడు. వెదురు పుల్లతో ఎనిమిది చుక్కలూ కొడుతూ ఫోన్‌లో వినిపించాడు. మొదటి ఏడూ "టిక్". పదిహేడోది నాకు సరిగ్గా వినపడలేదు, ఆదివారం ప్రార్థన అయ్యాక పట్టుకు రమ్మన్నాను.